ఔట్‌డోర్ యూనిట్

ఇబ్రీ దాటి ఇరవై కిలోమీటర్లు.
తారు రోడ్డు అయిపోయినంక గులకరాళ్లు,
గులకరాళ్లు అయిపోయినంక ఒక తెల్ల గుమ్మటం.
కంప్లయింట్ చీటీల ఒక్కటే ముక్క:
"ఏసీ చల్లగ లేదు."

తురయా మేడం పగలు బడిల లెక్కలు చెప్తది,
రాత్రయితే గుమ్మటం చీలిక తెరుస్తది.
తురయా అంటే మన కృత్తికలేనట.
ఆ సంగతి తెలిసినంక చీటీ మడిచి
జేబుల కొంచెం పైలంగ పెట్టుకున్న.

కెపాసిటర్ మార్చిన. గ్యాస్ నింపిన.
పావు గంటల లోపలంత మంచు.
"ఇగ చూడుండ్రి" అన్న, నా విరిగిన అరబీల, గర్వంగ.
ఆమె గొట్టంల కన్ను పెట్టింది. పెదవి విరిచింది.
"నువ్వే చూడు" అని పక్కకు జరిగింది.

శని.
ఎసట్ల పడ్డ మినపగింజ లెక్క
కుతకుత, అటు పొర్లి ఇటు పొర్లి,
దాని వలయం ఒకసారి గాజు,
ఒకసారి మడతపడ్డ గుడ్డ.
ఏలినాటి శని అంటే ఇల్లంత గడగడలాడే కాడ పుట్టినోణ్ని.
ఆ శనే ఇట్ల వణుకుతదని
నాకెవలన్న చెప్పిన్రా?

"అది వణుకుతలేదు" అన్నది మేడం.
"దానికీ మనకూ నడుమ గంటకు మించిన బాట.
ఆ బాటంత వెలుగు సూటిగనే వచ్చింది.
ఆఖరికి, గడప కాడ,
గాలి దాన్ని నలుపుతది."

గాలి.
పదకొండేండ్ల సంది నా కూడు దానితోనే.
చల్ల గాలి లోపలికి, ఉడుకు గాలి బయటికి.
బయటికి పోయింది ఎటు పోతదని
నేనెన్నడు అడగలే, నన్నెవరు అడగలే.
బిల్లుల ఆ లైను ఉండది.

టార్చి పట్టుకొని చుట్టు తిరిగిన.
దక్షిణం గోడకు, సరిగ్గ చీలిక కింద,
నేను బాగుచేసిన మిషను,
బాగుచేసినందుకు ఇంకింత జోరుగ
శని మొకం మీదికి ఊదుతున్నది.

"బంద్ చేద్దాం" అన్న.
ఏసీ మెకానిక్ నోట్లకెల్లి ఆ మాట
ఎట్ల వచ్చిందో!

ముప్పై ఆరు డిగ్రీల రాత్రి.
గోడలు పగలు మింగిన ఎండను మెల్లగ కక్కుతున్నయి.
అద్దం గుడ గాలితోని సమానం కావాలెనట,
అప్పటిదాక కూసోవుడే.
దక్షిణాన ఫహూద్ బావుల మంట, దాని ఎరుపు
దుమ్ముకు అంటుకొని ఆకాశం సగం దాక పాకింది.
కింది చుక్కలన్నీ పసుపు పచ్చగ,
ఆర్మూరు పసుపు కల్లంల పొడి లేచినట్టు.

"సాయంత్రం ఇసుక అంచు మీద కూసున్న సూర్యుడు
అప్పటికే మునిగి ఉంటడు" అన్నది.
"గాలి వంచి చూపిస్తది. రెండు నిమిషాల అరువు."
నమ్మరాని వాటిని గాలి మాటలంటం మా దిక్కు.
మరి ఇంత ఆకాశం గాలిలకెల్లే రావాలె గద,
ఇదంత గాలి మాటేనా?
అడుగుదామనుకున్న. అరబీల ఎట్లనాలో తెల్వక
చాయ్ కప్పు కడిగిన.

రెండు దాటింది.
కుండల నీళ్ల మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు
ఒక్కసారి నిలిచింది.
వలయం. వలయం నడుమ నల్ల సందు,
సూదిల ఎక్కించే దారమంత.
మూడు సెకండ్లు. నాలుగేమో.
ఊపిరి ఆపిన. నా ఊపిరి గుడ ఉడుకే గద.
మళ్ల కుతకుత.

తెల్లారి జాబ్ కార్డు నింపిన.
ఏసీ బాగున్నది.
రిమార్క్స్ కాడ: రాత్రి నడపొద్దు.
ఫోర్‌మన్ షాజీ రెండుసార్లు చదివిండు.
"మనం అమ్మేదే ఇది కదరా?"

ఆ రాత్రి క్యాంపు మిద్దె మీద పక్క పరిచిన.
ముప్పైరెండు ఔట్‌డోర్లు వరుసగ గురక పెడుతున్నయి.
వాటి సెగ మీద ఒక చుక్క గజగజ.
దాన్ని విడిచిపెట్టిన.
నడుమ నిలబడ్డ గాలినే చాలాసేపు చూసిన,
కనబడనిదాన్ని ఎట్ల చూస్తరో అట్ల.

ఆరో నంబరు ఫ్యాను చప్పుడు తేడగున్నది.
బేరింగు పోయేటట్టున్నది.